విమానానికి చలిజ్వరం

ఫిబ్రవరి 4

బావగారికి,

ఇక్కడ అందరం కులాసా, చలిజ్వరం తప్ప. కంగారు పడకండి. జ్వరం మనుషులకు కాదు, మనం చేసిన రిమోటు విమానానికి. మైదానంలో మన విమానాల సంఘం వాళ్ళు దానికి ఆ పేరు ఖాయం చేసేశారు. ఇంజను కాస్త జోరందుకుంటే చాలు, ముక్కు నుంచి తోకదాకా గజగజ వణికిపోతోంది. పోయిన ఆదివారం మందుల షాపాయన జేబులోంచి ఒక మాత్ర తీసి రెక్క మీద పెట్టి, "పూటకొకటి వెయ్యండి, తగ్గిపోతుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కాని ఇంటికొచ్చేదాకా నా చెవులు వేడిగానే ఉన్నాయి. ఫోటోలకు ఫ్రేములు కట్టి బతికేవాణ్ణి. మూలలు కలవని ఫ్రేమును నా దుకాణం గుమ్మానికే వేలాడదీసినట్టుంది.

మీరు బదిలీ మీద వెళ్ళిపోయాక ఈ విమానానికి పెద్దదిక్కు లేకుండా పోయింది. నమూనా గీత మీది, చెక్కపని నాది, ఇంజను చిన్నబావది అని ముగ్గురం పంచుకున్నాం కదా. చిన్నబావ తన లేతు షాపులో ఇంజను పాత బేరింగులు పీకేసి కొత్తవి వేసి ఇచ్చాడు. ఈమధ్య అతని షాపులో పని బాగా పలచబడింది. మన సంఘంలో అందరి ఇంజన్లూ ఇకమీదట అతనికే అప్పగిద్దామని అనుకుంటున్నారు. "మార్చిలో మన సంఘం ప్రదర్శన రోజున మీ విమానం బుద్ధిగా ఎగిరిందంటే ఇక మాట్లాడేదేముంది?" అన్నారు హెడ్మాస్టరుగారు. తన మొగుడి షాపుకు పనొస్తుందని, చెల్లి ఆ మాట విన్నప్పటి నుంచి విమానాల మీద విసుక్కోవడం మానేసింది. అది ఎంత పెద్ద విషయమో మీకు తెలుసు.

మీరు చేసి పంపిన త్రాసు అందింది. అద్దంలా మెరుస్తోంది. తూకపు యంత్రాలు బాగుచేసే మనిషి చేతిపని అని ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ వారమే ప్రొపెల్లరు దాని మీద పెట్టి చూస్తాను.

ఫోను చేద్దామంటే, ఇన్నేళ్ళ ఇంజన్ల రొదకు మీ చెవులు మూతబడ్డాయని అక్క అంటుంది. అందుకే ఈ ఉత్తరం.

మీ బావమరిది


ఫిబ్రవరి 15

బావమరిదీ,

నీ ఉత్తరం మీ అక్క పైకి చదివింది. నా చెవుల గురించి రాసిన వాక్యం మాత్రం రెండుసార్లు చదివింది, అదీ వీధి వీధంతా వినబడేలా. ఆ వాక్యానికి నీ మీద కేసు పెట్టవచ్చు గాని, బంధువువి కాబట్టి వదిలేస్తున్నాను.

ఇక వైద్యం. వణుకుకు మూలం ఎప్పుడూ తిరిగేదాంట్లోనే ఉంటుంది. అన్నిటికన్నా ముందు ప్రొపెల్లరు. రెండు ఆకుల్లో ఒకటి వెంట్రుకవాసి బరువున్నా సరే, ఇంజను ఆ వేగంతో తిప్పేటప్పుడు అది సుత్తిదెబ్బ అవుతుంది. ప్రొపెల్లరును త్రాసు ఇరుసుకు తొడుగు. ఆ ఇరుసు రెండు అయస్కాంతాల మధ్య దాదాపు గాల్లో నిలబడుతుంది కాబట్టి ఈగ వాలినా పసిగడుతుంది. ఏ ఆకు కిందికి దిగితే అది బరువు. దాని వీపు మీద గరుకు కాగితంతో మెల్లగా రుద్దు. అడ్డంగా ఎలా ఆపితే అలా ఆగిపోయేదాకా రుద్దు. ముందు అంచు జోలికి పోకు.

తర్వాత ఇంజను కాళ్ళ కింద రబ్బరు వాషర్లు వెయ్యి. చేతిలోని రిమోటు పెట్టె మాట అందుకునే రిసీవరును, దాని బ్యాటరీని మెత్తటి స్పాంజిలో చుట్టు, చెక్కకు తగలనివ్వకు. పెట్రోలు ట్యాంకు కింద కూడా స్పాంజి వెయ్యి, లేకపోతే వణుకుకు లోపల నురగ కట్టి ఇంజను దగ్గుతుంది.

ఆ త్రాసు గురించి ఒక్క మాట. ఈ మధ్య నా ఆదివారాలన్నీ ఆ ఇరుసే తినేసింది. మీ అక్కకు నాకంటే దాని మీదే కోపం ఎక్కువ. మా తోడల్లుడుగారి చేతికి మాత్రం ఇవ్వకు. ఆయనది సుత్తి చెయ్యి. ఆ ఇరుసు ఒక్కసారి నేల మీద పడిందంటే అది ఇక త్రాసు కాదు, బూజు దులుపుకునే పుల్ల. నువ్వయితే కంటికి రెప్పలా చూసుకుంటావని నీకే పంపాను.

నీ ఇల్లాలిని, అదే మా చెల్లెమ్మను, అడిగానని చెప్పు.

మీ బావ, చెవులు బాగానే ఉన్నవాడు


ఫిబ్రవరి 27

బావగారికి,

మీరు చెప్పినవన్నీ చేశాను. ప్రొపెల్లరును త్రాసుకెక్కించి, దిగిన ఆకును రుద్ది రుద్ది సరిచేశాను. ఇప్పుడు ఎలా ఆపితే అలా నిలబడుతోంది. వాషర్లు వేశాను. రిసీవరును పసిబిడ్డను చుట్టినట్టు చుట్టాను. ట్యాంకు కింద పెట్టిన స్పాంజి మీ చెల్లెమ్మ గిన్నెలు తోముకునేది. అడగకుండా తీశాను, దాని విచారణ ఇంకా జరుగుతోంది.

ఇంతా చేస్తే జ్వరం పెరిగింది. ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు ఫరవాలేదు. జోరు పెంచగానే రెక్కల చివర్లు రెండుగా కనిపిస్తున్నాయి. తోక దగ్గర ఒక మేకు ఊడి పడింది. మందుల షాపాయన ఈసారి మాత్ర ఇవ్వలేదు. "పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలేమో" అన్నాడు. ఆ జాలి కంటే మాత్రే నయం. విమానాన్ని గుడ్డలో చుట్టి సైకిలు మీద తెచ్చుకుంటూ, ఎవరూ ఎదురుపడకూడదని పక్క సందులోంచి వచ్చాను.

చిన్నబావ మైదానానికి వచ్చి, ఇంజను పక్కన గొంతుక్కూర్చుని, దాని మీద వేలు పెట్టి చాలాసేపు విన్నాడు. "ఇంజనులో ఏమీ లేదురా. ప్రొపెల్లరు ఇంకోసారి చూడు" అన్నాడు. నాకు ఎక్కడ లేని పౌరుషం వచ్చింది. "అది పెద్దబావ త్రాసు మీద చూసింది. నీకు అంతకంటే తెలుసా?" అన్నాను, నలుగురిలో. అతను చేతులు తుడుచుకుని లేచాడు.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఇప్పుడు తల్చుకుంటే బాగా అనిపించడం లేదు. ఏం చేయమంటారు?

మీ బావమరిది


మార్చి 8

బావమరిదీ,

అందులో బాగా అనిపించకపోవడానికేముంది? ఉన్నమాటే అన్నావు.

నీ ఉత్తరాన్ని నేను పనిచేసే బల్ల మీద పెట్టుకుని, మధ్యాహ్నం తిండి పక్కకు నెట్టి ఆలోచించాను. ప్రొపెల్లరు సరిగ్గా ఉంది. అది నా త్రాసు చెప్పిన మాట, అబద్ధం చెప్పదు. కింద రబ్బరు ఉంది. చెక్కపని నీది, దానికి నేను హామీ. ఇక మిగిలింది ఏమిటి? ఇంజను లోపలి క్రాంకు షాఫ్టు. అది వంగి ఉండాలి. దానంతట అది వంగదు కదా. కొత్త బేరింగులు వేసేటప్పుడు షాఫ్టును నొక్కి ఎక్కించాలి, సుత్తితో కొట్టి కాదు. కొట్టింది ఎవరో నేను చెప్పనక్కర్లేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మళ్ళీ ప్రొపెల్లరు చూడమంటాడా!

నువ్వు మొహమాటస్థుడివి, చెల్లెలి మొగుడితో చెప్పలేవు. ఆ సంగతి తెలిసే హెడ్మాస్టరుగారికి నేనే ఒక ముక్క రాసి పడేశాను. సంఘం ఇంజన్లన్నీ ఒకరి చేతుల్లో పెట్టేముందు ఆ చేతులెలాంటివో చూసుకోవాలి కదా అని రాశాను. ఆ సంఘాన్ని మొదలుపెట్టిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. నా మాట తీసెయ్యరు.

కోపం లేదు, కక్ష లేదు. ఇది ఇంజను సంగతి.

మీ బావ


మార్చి 19

బావగారికి,

హెడ్మాస్టరుగారికి ఎందుకు రాశారు? నాకొక మాట చెప్పి రాసి ఉండాల్సింది.

మీ ఉత్తరం ఆయన మీటింగులో చదివేశారు. ఆయనది చెడ్డ ఉద్దేశం కాదు. బడిలో పిల్లల మార్కులు చదివిన అలవాటు, కాగితం చేతికొస్తే పైకి చదవకుండా ఉండలేరు. చిన్నబావ అక్కడే, గోడ పక్కన కూర్చుని ఉన్నాడు. "ఆ చేతులెలాంటివో" అన్న దగ్గర అతను తన చేతులు ఒళ్ళోంచి తీసి వెనక్కి పెట్టుకోవడం నేను చూశాను. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

ఆ సాయంత్రమే వచ్చి ఇంజను పట్టుకుపోయాడు. విప్పి, షాఫ్టు కొలిచి, ఏమీ లేదని బిగించాడట. మర్నాడు నమ్మకం చాలక మళ్ళీ విప్పాడట. "చూస్తే బాగానే ఉంది. కాని పెద్దబావగారు ఊరికే రాయరు కదా" అని చెల్లితో అన్నాడట. చెల్లి మా ఇంటికి రావడం మానేసింది. కూరగాయల బజారులో కనబడి, "అన్నయ్యా, నీకు కూడా ఆయన పని మీద నమ్మకం లేదా?" అని అడిగింది. ఏదో నసిగాను. ఏం నసిగానో నాకే తెలియదు.

మందుల షాపాయన తన ఇంజనును అతని షాపు నుంచి వెనక్కి తెచ్చుకున్నాడు. ప్రదర్శన వచ్చే వారమే. విమానం ఎగరేయకపోతే ఓడిపోయినట్టు, ఎగరేస్తే ఏమవుతుందో తెలియదు. మనసు అస్సలు బాగాలేదు బావగారూ. మీకు ఒకటి చెప్పాలని ఉంది గాని, ఉత్తరంలో చేతకావడం లేదు.

మీ బావమరిది


మార్చి 26

బావమరిదీ,

నువ్వు చెప్పలేకపోతున్న ఆ ఒకటీ ఏమిటో నాకు తెలుసు. ఇంటి ఆడపిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకునేసరికి, నేను రాసింది వెనక్కి తీసుకోమంటావు. అంతే కదా? తీసుకోను. నిజం చెప్పడానికి బంధుత్వం అడ్డు రాకూడదు. నువ్వు కూడా ఈ వయసులోనైనా నిజం మాట్లాడటం అలవాటు చేసుకో. మీ అక్క ఈ మధ్య నాతో ముభావంగా ఉంటోంది. పుట్టింటి వాళ్ళందరూ ఒక్కటే.

ఎందుకైనా మంచిదని ఒకటి అడుగుతున్నాను. ప్రొపెల్లరును ఇరుసు మీద సగం తిప్పి మళ్ళీ చూశావు కదా? అంటే పైన ఉన్న ఆకు కిందికి, కిందిది పైకి వచ్చేలా మార్చి తొడగడం. అప్పుడూ అదే ఆకు దిగితే బరువు ఆకుది. రెండో ఆకు దిగితే దోషం ఇరుసుది. మా కార్ఖానాలో తూకం బల్ల దగ్గర కూర్చునే ప్రతివాడూ చేసే మొదటి పని ఇది. చేసే ఉంటావని ముందు రాయలేదు. నా ఇరుసులో దోషం ఎలాగూ ఉండదనుకో.

ప్రదర్శన ఎలా జరిగిందో రాయి.

మీ బావ


ఏప్రిల్ 6

బావగారికి,

మీ ఉత్తరం ప్రదర్శన అయిపోయాక వచ్చింది. ముందు వచ్చి ఉంటే ఏదో ఒకటి చేసి ఆపేవాణ్ణని చెప్పుకుంటున్నాను. అదీ అబద్ధమేనేమో.

జరిగింది జరిగినట్టు రాస్తాను. చలిజ్వరం బాగానే లేచింది. ఒక చుట్టు తిరిగింది. జనం చప్పట్లు కొట్టారు. రెండో చుట్టులో జోరు పెంచాను. అంతే, చేతిలో రిమోటు పెట్టె పనిచేయడం మానేసింది. ఎటు తిప్పినా విమానం మాట వినలేదు. వణుకుకు రిసీవరు బ్యాటరీ వైరు తెగిపోయిందని తర్వాత తెలిసింది. అది తిన్నగా వచ్చి, చూడ్డానికి వచ్చినవాళ్ళ కోసం వేసిన టెంటు పక్కన మెత్తటి ఇసుకలో ముక్కుతో దిగింది, అందుకే ప్రొపెల్లరు విరగలేదు. ఎవరికీ తగల్లేదు. కాని జనం లేచి పరుగెత్తిన తొక్కిడిలో మందుల షాపాయన తల్లి పడిపోయింది. ముసలావిడ. మణికట్టు విరిగింది. ఇప్పుడు పిండికట్టుతో ఉంది.

మర్నాడు హెడ్మాస్టరుగారి వరండాలో అందరూ చేరారు. మీ ఉత్తరం సంగతి అందరికీ గుర్తుంది, ఎవరూ పైకి అనలేదు. చిన్నబావ తనంతట తనే లేచాడు. "ఇంజను నా చేతుల్లోంచి వచ్చింది. తప్పెక్కడో నాకు దొరకలేదు గాని, నాదే అయ్యుంటుంది. అమ్మగారికి ఇలా అయినందుకు మీ అందరికీ దణ్ణం పెడుతున్నాను. ఇక ఎవరి ఇంజనూ ముట్టుకోను" అన్నాడు. చదివి అప్పజెప్పినట్టు చెప్పాడు. మందుల షాపాయన, "పోన్లెండి, కావాలని చేస్తారా" అన్నాడు. దాంతో అయిపోయింది.

మీ ఉత్తరం ఆ తర్వాత వచ్చింది. మీరు చెప్పినట్టు ప్రొపెల్లరును సగం తిప్పి తొడిగాను. రెండో ఆకు దిగింది. ప్రొపెల్లరు తీసేసి ఒట్టి ఇరుసును పెట్టాను, దాని మీద ఒకచోట సిరా చుక్క పెట్టి. ఎన్నిసార్లు తిప్పి వదిలినా ఆ చుక్క కిందికే వచ్చి ఆగింది. ఇరుసు వంగి ఉంది బావగారూ. అంటే నేను ఇన్నాళ్ళూ తేలికగా ఉన్న ఆకునే పట్టుకుని ఇంకా రుద్దాను. కొద్దిపాటి తేడా ఉన్న ప్రొపెల్లరును నా చేతులారా ఇంకా చెడగొట్టి, ఇంజనుకు తగిలించి, వణుకుతోందేమని ఇంజనును అడిగాను.

మీరు వంగినది పంపలేదు. పార్శిలు విప్పిన రోజు, మురిపెంగా పైకెత్తి చూస్తుంటే, వేళ్ళకున్న జిగురుకు జారి గచ్చు మీద పడింది. మొన మీద పడి గంతేసింది. ఎత్తి, కంటికి ఆనించి చూస్తే లేశమంత వంపు. ఫ్రేములు బిగించే పట్టులో పెట్టి నొక్కాను. తిన్నగా అయినట్టే అనిపించింది. ఆ రోజే కూర్చుని "అందింది, అద్దంలా మెరుస్తోంది" అని మీకు రాశాను. పడిందని రాయడానికి కలం రాలేదు. తర్వాత మీ జవాబు వచ్చింది, చిన్నబావ చేతికివ్వకు, నువ్వయితే కంటికి రెప్పలా చూసుకుంటావు అని. ఆ ముక్క చదివాక ఇంకేం రాస్తాను? అక్క మొగుడు ఆదివారాలు ధారపోసి చేసింది, వచ్చిన పూటే పారేసుకున్నానని ఏ ముఖంతో చెబుతాను? ఆ చిన్న సిగ్గు దాచుకోవడానికి ఇంత పెద్ద సిగ్గు తెచ్చుకున్నాను.

ఇప్పుడు నన్నేం చేయమంటారు? మీరు పెద్దవారు, చెప్పండి. అద్దంలో ముఖం చూసుకుని గడ్డం గీసుకోవడం కూడా కష్టంగా ఉంది.

మీ బావమరిది


ఏప్రిల్ 15

బావమరిదీ,

నీ ఉత్తరం మీ అక్కకు చదవడానికి ఇవ్వలేదు. జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

తిట్టాలని మొదలుపెట్టి రెండు కాగితాలు చింపేశాను. ఇరుసు పడితే పడింది, ఇంకొకటి చేసి పడేసేవాణ్ణి. నేనేమైనా పులినా, మింగేస్తానా? ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. సరే, ఇప్పుడనుకుని ఏం లాభం.

ఆలోచించి చెబుతున్నాను, జాగ్రత్తగా విను. ఈ సంగతి ఇక్కడితో ఆపెయ్యి. తోడల్లుడుగారు క్షమాపణ చెప్పేశారు. వాళ్ళు పోన్లెమ్మన్నారు. ముసలావిడ చెయ్యి అతుక్కుంటుంది. కొన్నాళ్ళకు జనం మర్చిపోతారు. ఇప్పుడు నువ్వు వెళ్ళి గుట్టు విప్పితే ఆ విరిగిన చెయ్యి నీ నెత్తినపడుతుంది. నేను హెడ్మాస్టరుగారికి రాసిన ఉత్తరం తప్పని కూడా తేలిపోతుంది. మైదానంలో ఎగరేసిన మొదటి విమానం నాది. అక్కడ నాకంటూ ఒక మర్యాద ఉంది. వంగిన త్రాసు మీద తూచిన మాట పట్టుకుని ఒక మనిషి చేతులను ఎంచానని తెలిస్తే, తూకాలు బాగుచేసే నా ముఖం ఎక్కడ పెట్టుకోను?

వేరే మార్గముంది. కొత్త ఇరుసు చేసి పంపుతాను. నువ్వు చప్పుడు చేయకుండా ప్రొపెల్లరు సరిచెయ్యి. విమానం బాగుపడితే, ఆయన చేతే ఇంజను ఇంకోసారి విప్పించి, దాంతో కుదిరిందని అందాం. ఆయనకూ మంచి పేరు వస్తుంది. అందరికీ మంచిదే కదా?

జవాబు త్వరగా రాయి. కవరు మీద నా పేరే రాయి, మీ అక్క పేరు వద్దు.

మీ బావ


ఏప్రిల్ 24

బావగారికి,

మీ ఉత్తరం వచ్చేసరికే చెప్పేశాను. ముందే వచ్చి ఉంటే మీ మాట వినేవాణ్ణేమో. అందుకే ఆలస్యంగా వచ్చినందుకు దానికి దణ్ణం పెట్టుకున్నాను. కోపం తెచ్చుకోకండి.

చిన్నబావ షాపుకు వెళ్ళాను. బాగుచేయమని ఇచ్చిన ఇంజన్లను ఒక్కొక్కటీ తుడిచి, ఎవరివి వాళ్ళకు పంపడానికి గోనెసంచిలో సర్దుతున్నాడు. త్రాసూ మన ఇంజనూ బల్ల మీద పెట్టి మొత్తం చెప్పాను. పార్శిలు విప్పిన దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఏదీ దాచలేదు. అతను తిట్టలేదు. ఇరుసును లేతులో పెట్టి, కొలిచే ముల్లు దానికి ఆనించి, చేత్తో తిప్పాడు. ముల్లు ఊగింది. ఇరుసు తీసేసి, మన ఇంజను విప్పి, ఆ క్రాంకు షాఫ్టును అదే చోట పెట్టి తిప్పాడు. ముల్లు కదల్లేదు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ మళ్ళీ తిప్పాడు. కదల్లేదు. అప్పుడు స్టూలు మీద కూలబడి ఏడ్చాడు.

"నా చేతులు పోయాయనుకున్నాన్రా" అన్నాడు. "ఎంత కొలిచినా తప్పు దొరకలేదు. కొలవడం కూడా మర్చిపోయానేమో అనుకున్నాను. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు పట్టుకోవాలన్నా భయమేసింది."

బావగారూ, నాకు ఇది తెలియదు. అతని పని పోతోందని తెలుసు, పరువు పోతోందని తెలుసు. చేతుల మీద నమ్మకం పోతోందని ఊహించలేదు.

కాసేపటికి ముఖం తుడుచుకుని ఒకటే అడిగాడు. "ఆ రోజు హెడ్మాస్టరుగారి వరండాలో నేను మాట్లాడి కూర్చున్నాక, నువ్వు నా పక్కకొచ్చి భుజం మీద చెయ్యి వేశావు. అప్పటికే నీకు తెలుసా?"

ఈ భుజం సంగతి మీకు రాసిన ఉత్తరంలో రాయలేదు. రాయబుద్ధి కాలేదు. చెయ్యి వేసిన మాట నిజం. "ఊరుకో బావా, ఎవరికైనా జరుగుతుంది" అన్న మాట కూడా నిజం. అతను అడిగినప్పుడు నాకు తప్పించుకునే దారి ఉంది. సగం తిప్పి చూసింది ఆ తర్వాతే కాబట్టి, "అప్పటికి తెలియదు" అంటే ఎవరూ కాదనలేరు. కాని ఇరుసు పడిన చప్పుడు ఆ రోజంతా నా చెవుల్లో వినబడుతూనే ఉంది. "తెలుసు" అన్నాను.

అతను తల ఊపాడు. లేచి, గోనెసంచిలోంచి ఇంజన్లు ఒక్కొక్కటే తీసి మళ్ళీ బల్ల మీద పెట్టుకోవడం మొదలుపెట్టాడు. నేను అక్కడ ఉన్నట్టే చూడలేదు. వెనక గదిలోంచి చెల్లి అంతా విన్నట్టుంది. గుమ్మందాకా వచ్చి, "ఆయన పిలిచేదాకా రాకు అన్నయ్యా" అంది. తలుపు మెల్లగానే వేసింది.

అటునుంచి అటే మందుల షాపుకు వెళ్ళాను. ముసలావిడ కాళ్ళకు దణ్ణం పెడితే, "విమానం ముందు నువ్వు పడుంటే బాగుండేది" అంది. అన్నాక పాపం కుర్చీ కూడా చూపించింది. మందుల షాపాయన గుమ్మం బయటిదాకా వచ్చి, చిన్నబావకు ఇంజను ఇచ్చి వస్తానని చెప్పాడు. హెడ్మాస్టరుగారు మాత్రం నేను చెప్పింది కాగితం మీద రాసిమ్మన్నారు. రాసిచ్చాను. ఈ ఆదివారం మీటింగులో పైకి చదువుతారట. మీరు రాసిన ఉత్తరం సంగతి మాత్రం అందులో రాయలేదు. అది మీరు రాసింది, మీరే చెప్పుకోవాలి.

రోజూ దుకాణానికి వెళ్ళేటప్పుడు అతని షాపు ముందు నుంచే పోతున్నాను. లేతు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇంకా పిలవలేదు.

మీ బావమరిది


మే 2

బావమరిదీ,

నీ ఉత్తరం నేనే తీసుకెళ్ళి మీ అక్కకు ఇచ్చాను. నేను నీకు రాసినదాంట్లో ఏముందో కూడా చెప్పాను. ఆవిడ భోజనం వడ్డించి, తను వేరే గదిలో కూర్చుని తింది. ఇన్నేళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు.

నువ్వు ఇరుసు వంచావు, అది పొరపాటు. దాచావు, అది పిరికితనం. నాది వేరు. వణుకు గురించి నువ్వు రాసిన మొదటి ఉత్తరం చదువుతుండగానే తప్పు తోడల్లుడిదే అయ్యుండాలనుకున్నాను. ఆ తర్వాత ఎన్ని కారణాలు ఆలోచించినా, అన్నీ తిరిగి తిరిగి ఆయన గుమ్మంలోకే వెళ్ళాయి. అత్తారింట్లో పనిమంతుడనే పేరు నాకొక్కడికే ఉండేది. ఆయన వచ్చాక ఇద్దరికయింది. ఇంత చిన్న సంగతి, కాగితం మీద పెడితే ఎంత చీదరగా ఉందో చూడు.

హెడ్మాస్టరుగారికి రాశాను. నేను ముందు రాసినదాన్ని ఎంత గట్టిగా చదివారో దీన్నీ అంత గట్టిగా చదవమన్నాను.

ఇక తోడల్లుడికి రాయాలని నిన్నటి నుంచి కూర్చున్నాను. ఉత్తరం పైన ఏమని పిలవాలో తెలియడం లేదు. ఇన్నేళ్ళలో ఆయనను నేను ఒక్కసారి కూడా వరస పెట్టి పిలవలేదు. "ఏమండీ" అన్నాను, లేకపోతే మీ చిన్నబావ అన్నాను, తోడల్లుడుగారు అని వెటకారం చేశాను. నిన్న "తమ్ముడూ" అని రాశాను. అలా పిలిచే హక్కు నాకేముందనిపించి కొట్టేశాను. పేరు రాసి "గారికి" అన్నాను. కరెంటాఫీసుకు రాసినట్టుంది, అదీ కొట్టేశాను. కాగితాలు అయిపోయాయి. మీ అక్క చూసింది గాని కొత్త కాగితం ఇవ్వలేదు. వీధి చివరి కొట్టుకు వెళ్ళి తెచ్చుకున్నాను.

చివరికి పైన పిలుపు చోటు ఖాళీగా వదిలేసి, "తప్పు నాది" అని మొదలుపెట్టాను. ఆ ఖాళీలో నన్ను ఏమని పిలవనిస్తారో అది ఆయననే నింపమని రాశాను. ఇవాళ పొద్దున పోస్టు డబ్బాలో వేసి వచ్చాను.

బావ